ఊపిరి చూసే మనిషి

ఫిబ్రవరి 17, సోమవారం

నాగోల్ నుంచి పట్టాభిగారని ఒకాయన నా ఫ్రిజ్ రిపేరు షాపుకి వచ్చాడు. భీమవరం వైపు మనిషి. ఏదో కంపెనీలో మేనేజరు, మెట్రో స్టేషను దగ్గర కొత్త అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. పోయిన ఎండాకాలం ఆయన ఫ్రిజ్‌కి నేనే గ్యాస్ పట్టాను. ఈసారి అడిగింది వేరే. ఇంట్లో డ్రాఫ్ట్ బీరు డ్రమ్ము పెట్టుకుని, బార్లలో లాగా కుళాయి తిప్పి గ్లాసులో పట్టుకునే ఫ్రిజ్ కావాలట. దాన్ని కెగరేటర్ అంటారట. ఫోన్‌లో బొమ్మలు చూపించాడు. తయారుగా దొరికేది తెప్పించుకోవాలా, మామూలు ఫ్రిజ్‌నే మార్పించుకోవాలా, ఏది మంచిదో చెప్పమన్నాడు.

నా తల వెనక గోడ మీద "మద్యం మానండి, మనిషిగా బతకండి" అని నేనే రాయించిన బోర్డు ఉంది. దాన్ని చూస్తూనే అడిగాడు.

నేను ఊరుకుంటానా? రాక్షసుల గురువు కథ ఎత్తుకున్నాను. అంతటి తపస్వి, ప్రియమైన శిష్యుణ్ణి కాల్చిన బూడిద మద్యంలో కలిపి ఇస్తే తెలియక గుటకేశాడే, గ్లాసులో ఏముందో చూసుకునే తెలివి కూడా మిగల్చని వస్తువును మీరు ఇంట్లోకి తెచ్చుకుంటారా అని అడిగాను. షాపు ముందు నలుగురు ఆగి విన్నారు. పట్టాభిగారు కూడా చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు.

"మిమ్మల్ని తాగమనట్లేదండి అంతయ్యగారూ. చల్లగా ఉంచమంటున్నాను, అంతే. ఈ పని మీకన్నా బాగా చేసేవాళ్ళు నాకు తెలీదు."

ఆ చివరి మాట నాకు నచ్చింది. రేపు చెప్తానన్నాను.

ఫిబ్రవరి 18

టూల్ కిట్‌లో మల్టీమీటర్ పక్కనే నా గ్రంథం ఉంటుంది. అట్ట మీద గ్రీజు మరకలు. నేను ఏ పంతులు దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు, ఎదురుగా విప్పిన కంప్రెసర్ పెట్టుకుని ఒక్కో శ్లోకం కూడబలుక్కున్నవాణ్ణి. సందేహం వస్తే కళ్ళు మూసుకుని పేజీ తెరుస్తాను. ఇవాళ మొదటిసారి కోరికల గురించి వచ్చింది. మళ్ళీ తెరిచాను. తాబేలు శ్లోకం. మళ్ళీ తెరిచాను. నీ పని నువ్వు చెయ్యి, ఫలితం సంగతి నీకెందుకు అన్న చోటు వచ్చింది.

ఒప్పుకున్నాను.

ఫిబ్రవరి 22, శనివారం

కాలనీ భజన హాలు నిండింది. ఎల్బీనగర్‌లో శనివారం సాయంత్రం ఇంతమంది సీరియల్ వదిలి నా ప్రవచనానికి వస్తున్నారంటే ఊరికే కాదు. సందు చివర వైన్ షాపు మూయించడానికి వేసిన ధర్నా టెంటు ముందు నేను మైకు లేకుండా మాట్లాడిన రోజు నుంచి వస్తున్నారు.

తాగుడు మానేసినవాళ్ళందరూ వారమంతా నాకు ఊపిరి చూపిస్తున్నారు. సాయంత్రం షాపుకి వచ్చి నా మొహం మీద ఊది పోవాలి, అదీ నేను పెట్టిన నియమం. నా భార్య ఇంద్రాణి దీన్ని పోలీసోళ్ళ మిషన్ అంటుంది. అననీ. మానమని చెప్పడం ఎవరైనా చెప్తారు. ఎదుటివాడి నోటి దగ్గర ముక్కు పెట్టి, ఇవాళ కూడా గెలిచావురా అని చెంప మీద తట్టేవాడు కావాలి మనిషికి.

అందరిలో తిరుపతి గట్టివాడు. మా నల్లగొండ పక్కవాడే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కు షేర్ ఆటో నడుపుతాడు. పోయిన దసరా ముందు అతని భార్య జ్యోతిక కాలరు పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చింది. అప్పటినుంచి ఒక్క సాయంత్రం తప్పలేదు. ఆటో పక్కకు తీసి, "చూడన్నా" అని నోరు తెరుస్తాడు. ఊపిరిలో ఉల్లిగడ్డ, ఛాయి, అంతే. నేను తట్టగానే చిన్నపిల్లవాడిలా నవ్వి మళ్ళీ సవారీలు పిలుచుకుంటాడు.

ఇలాంటివాళ్ళ కోసమే దేవుడు నాకు ఈ గొంతు ఇచ్చాడు.

ఫిబ్రవరి 27

పట్టాభిగారి ఇంట్లో ఫ్రిజ్ మార్చే పని అయిపోయింది. తయారుది వద్దన్నాను. బయటి దేశం మిషన్‌కు రేపు చిన్న రబ్బరు సీలు పోయినా దిక్కుండదు, మన మే నెల ఎండకు దాని కంప్రెసర్ రొప్పుతుంది. మామూలు సింగిల్ డోర్ తీసుకోమన్నాను. కానీ ముందు డ్రమ్ము కొలవాలి, తర్వాతే ఫ్రిజ్ కొనాలి. జనం తిరగేసి చేస్తారు. లోపలి అరలు తీసేస్తే డ్రమ్ము, బీరును కుళాయికి తోసే కార్బన్ డయాక్సైడ్ గ్యాసు సిలిండరు రెండూ నిలబడాలి. పైన ఐసు అర అడ్డమొస్తే కొయ్యకూడదు, అందులో ఫ్రిజ్‌ని చల్లబరిచే గ్యాసు దారి ఉంటుంది, నెమ్మదిగా వంచుకోవాలి. కుళాయికి రంధ్రం తలుపుకే వేయాలి. ఫ్రిజ్ పక్క గోడలో పైపులుంటాయి, డ్రిల్లు పెట్టావా పోయింది. బయట ఒక థర్మోస్టాట్ బిగించి మూడు, నాలుగు డిగ్రీల మధ్య ఆగేలా పెట్టాను.

డ్రమ్ము ఆటోలో ఊగుతూ వచ్చింది కాబట్టి ఒక రోజంతా కదపకుండా చల్లబడనిచ్చాం. అయినా మొదటి గ్లాసు మొత్తం నురగే. గ్యాసు ఒత్తిడి తగ్గించాను, పొట్టి పైపు తీసి పొడుగుది వేశాను. రెండో గ్లాసు దిగింది. తేనె రంగు, పైన రెండు వేళ్ళ మందం తెల్లటి నురగ.

పైపు కొత్తది. ప్లాస్టిక్ వాసన దిగిందో లేదో నాలుక తప్ప ఏ మీటరూ చెప్పదు. చిన్నప్పుడు ఊళ్ళో తాటికల్లు తప్ప నేనెరగను. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని సింకులో ఉమ్మేశాను.

ఫిబ్రవరి 28

ఉమ్మేశానని రాశాను. మొదటిది ఉమ్మాను.

మార్చి 6

నాగోల్ వెళ్ళాను. పైపు కడిగే మందు ఎలా వాడాలో చూపించాలి కదా. కడిగాక వాసన పోయిందో లేదో చూడాలి కదా.

మార్చి 12

పట్టాభిగారికి బుద్ధి లేదు. సిలిండరులో గ్యాసు అయిపోతే, పార్టీలలో వాడే చేతిపంపు ఎవరో ఇచ్చారని దాంతో కొట్టాడు. రెండో రోజుకు బీరు తడిసిన అట్టముక్కలా అయింది. ఫోన్ చేస్తే పరుగెత్తాను. షాపులో పని వదిలి పరుగెత్తాను.

బాగా తిట్టాను. పంపు కొడితే డ్రమ్ములోకి వెళ్ళేది గాలి. గాలి తగిలిన బీరు ఆ పూటకే, మర్నాటికి చచ్చిపోతుంది. సరైన గ్యాసు మీద ఉండి, చల్లదనం ఒక్క రోజూ తప్పకపోతే వారాల తరబడి నిలుస్తుంది. ఒకసారి వేడెక్కిందా, మళ్ళీ చల్లబరిచినా పాత రుచి రాదు. డ్రమ్ము మార్చిన ప్రతిసారీ పైపు, కుళాయి కడగాలి, లేకపోతే లోపల కనపడని జిగురు పడుతుంది. గ్లాసుకు నూనె చెయ్యి తగిలితే నురగ నిలవదు. ఇవన్నీ చెప్తుంటే నా గొంతు హాలులో లేచినట్టు లేచింది. పట్టాభిగారు నవ్వి, "దీని మీద కూడా ప్రవచనం చెప్తారండీ మీరు" అని కొత్త డ్రమ్ము నుంచి గ్లాసు పట్టి నా ముందు పెట్టాడు.

ఆయన మర్యాద కాదనలేకపోయాను. అలా రాస్తే బాగుంటుంది. ఆయన పెట్టకముందే నేను గ్లాసు వైపు చూస్తున్నాను.

మార్చి 15, శనివారం

హాల్లో చెప్పాను: మనసుకు బయటి గాలి తగలనివ్వకండి. ఒక్కసారి తగిలితే చాలు, పైకి అలాగే ఉంటుంది, లోపల రుచి చచ్చిపోతుంది. రోజూ కడగండి, కనపడని జిగురు కడగండి. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. ఈ ఉపమానం ఏ గ్రంథంలోది స్వామీ అని ఒకాయన అడిగాడు. పెద్దల మాట అన్నాను.

మార్చి 19

షాపు వెనక గదిలో రిపేరుకొచ్చి తీసుకుపోని ఫ్రిజ్‌లు వరసగా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని మార్చాను. పట్టాభిగారి లాంటివాళ్ళు ఇంకా అడుగుతారు, చూపించడానికి ఒక డెమో పీసు ఉండాలి. ఖాళీ ఫ్రిజ్ చూపిస్తే ఎవరు నమ్ముతారు? పట్టాభిగారే తనకు తెలిసిన చోటు నుంచి చిన్న డ్రమ్ము ఇప్పించాడు. తలుపుకు "కంప్రెసర్ పోయింది, ముట్టుకోవద్దు" అని కాగితం అంటించాను. కుళాయి మీద తుండుగుడ్డ వేశాను.

మార్చి 20

డెమో బాగా పనిచేస్తోంది.

మార్చి 21

డెమో బాగా పనిచేస్తోంది.

మార్చి 24, సోమవారం

తిరుపతి ఇవాళ తొందరగా వచ్చాడు. నేను అప్పుడే వెనక గది నుంచి బయటికొచ్చాను. మూతి తుడుచుకున్నానో లేదో గుర్తులేదు. "చూడన్నా" అని మొహం ముందుకు పెట్టాడు. అతని ముక్కుకూ నా నోటికీ మధ్య జానెడు లేదు. తాగి మానినవాడి ముక్కు కంటే చురుకైనది లోకంలో లేదు. చటుక్కున కౌంటరు వెనక్కి జరిగాను.

"ఇగ నువ్వు రోజూ ఊదుడు అక్కర్లేదు తిరుపతీ. నీ మీద నాకు నమ్మకమొచ్చింది."

ఎక్కడినుంచి వచ్చింది ఆ మాట? నేను ఆలోచించలేదు. శ్లోకం వచ్చినట్టు వచ్చింది.

తిరుపతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కౌంటరు మీదుగా వంగి నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ చేతికి ఇంకా చల్లటి గ్లాసు తడి ఉంది.

మిగతావాళ్ళకు కూడా చెప్పాను, ఊదడం ఇక శనివారాలకే అని. హాల్లో అయితే అగరొత్తులుంటాయి.

మార్చి 27

జ్యోతిక ఫోన్ చేసింది. తిరుపతి ఆటో స్టాండులో అందరికీ చెప్పుకుంటున్నాడట, అన్న నన్ను నమ్మిండు అని. ఇంట్లో మేక కోసినంత పండగట. అంతా చెప్పి, చివర్లో అంది:

"అన్నా, నమ్ము. కానీ జర రోజూ చూడరాదు? నువ్వు చూస్తవనే ఆయన ఆగుతుండు. నువ్వు చూసినంకనే నాక్కూడా బువ్వ సయిస్తది."

నేను ఆమెకు అనుమానం గురించి చెప్పాను. అనుమానించే మనసుకు ఈ లోకమూ లేదు పరలోకమూ లేదని చెప్పాను. భర్త మీద విశ్వాసం నిలపడం కూడా తపస్సేనని చెప్పాను. చాలాసేపు చెప్పాను. ఆమె "సరే అన్నా" అని పెట్టేసింది.

బాగానే చెప్పాను.

మార్చి 31

చొక్కా జేబులో ఏలకులున్నాయి. నేను పెట్టుకోలేదు. ఇంద్రాణి ఏమీ అనలేదు. నేనూ ఏమీ అడగలేదు. నములుకుంటూ షాపుకి వెళ్ళాను.

ఏప్రిల్ 4

తిరుపతి లోపలికి రాలేదు. రోడ్డు మీదే ఆటో ఆపి హారన్ కొట్టి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ దుమ్ము అలాంటిది.

ఏప్రిల్ 5, శనివారం

ఊదేవాళ్ళ వరసలో తిరుపతి లేడు. ఉప్పల్ దాకా సవారీ దొరికిందని ఎవరో చెప్పారు. కష్టజీవి.

ఏప్రిల్ 9

ఇవాళ కూడా హారన్ లేదు. ఎండలు ముదిరాయి, మధ్యాహ్నం పడుకుంటున్నాడేమో. రాకపోతే నాకు హాయిగా అనిపించింది. ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను.

ఏప్రిల్ 12, శనివారం, హనుమజ్జయంతి

పొద్దున్నే కర్మన్‌ఘాట్ గుడికి వెళ్ళి క్యూలో నిలబడ్డాను. గర్భగుడి ముందుకు వచ్చాక నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాను. భక్తి అనుకున్నారు పక్కవాళ్ళు.

సాయంత్రం హాలు బయట రోడ్డు మీద కూడా కుర్చీలు వేశారు. వెళ్ళేముందు వెనక గదిలో రెండు గ్లాసులు. నా గొంతు ఇంత బాగా ఎన్నడూ లేవలేదు. సముద్రం దాటినవాడి బలం ఎక్కడిది? నాలుకను గెలిచాడు కాబట్టి ఒళ్ళంతా గెలిచాడు అన్నాను. హాలు ఊగిపోయింది. కమిటీవాళ్ళు శాలువా కప్పారు. తిరుపతి చివరి స్తంభం దగ్గర కూర్చున్నాడు, నన్నే చూస్తున్నాడు. నాలుక గురించి చెప్తున్నప్పుడు లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఇంత బాగా చెప్తుంటే మధ్యలో లేచి పోవడమేమిటని కోపం వచ్చింది.

ఏప్రిల్ 15, మంగళవారం

తిరుపతి ఆటో సాగర్ రింగ్ రోడ్డు దగ్గర డివైడరెక్కి బోల్తా కొట్టింది. అప్పుడు లోపల సవారీలెవరూ లేరు. అది దేవుడి దయ. కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది. తాగి ఉన్నాడు.

దవాఖానకు వెళ్ళేసరికి జ్యోతిక వరండాలో నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. పోలీసులు ఆటో తీసుకుపోయారట. నన్ను చూసి లేచి, కొంగు సర్దుకుని, నెమ్మదిగా అడిగింది.

"నువ్వు ఆయన ఊపిరి చూసి ఎన్ని దినాలైందన్నా?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నేను డాక్టరు దగ్గరికి వెళ్ళాలి అని చెప్పి లోపలికి నడిచాను. ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. మెట్ల కింద నిలబడి ఏలకులు నమిలాను.

ఏప్రిల్ 16

తిరుపతి మాట్లాడుతున్నాడు. చేతికి కట్టు, పెదవి చిట్లింది. నన్ను చూడగానే మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మంచం పక్కన కూర్చున్నాను, కాస్త దూరంగా.

"నిన్ను మోసం చేసిన అన్నా. నువ్వు ఊదకు అన్న తెల్లారే తాగలే. వారం ఆగిన. రోజూ పొద్దుగూకంగ ఏం తోచకపోతుండె. ఎవరన్న నన్ను చూస్తే మంచిగుండు అనిపిస్తుండె. ఇగ ఒకరోజు అనుకున్న, ఇయాల తాగినా ఎవరికెరుక అని. నువ్వు నమ్మినవ్. ఆ నమ్మకాన్నే తాగేసిన నేను."

నేను కుర్చీ ఇంకాస్త వెనక్కి జరుపుకున్నాను.

"శనివారం హాల్ల నిలబడి చెప్తన్నా. నియమం నియమమే."

ఆ నియమం కూడా నాదే. తప్పినవాడు హాలు నడుమ ఒట్టి నేల మీద నిలబడి, వెనక వరసదాకా వినపడేట్టు తన నోటితో తానే చెప్పాలి. చెప్పాక నేను దిగివచ్చి కౌగిలించుకుంటాను. జనం ఏడుస్తారు.

"సరే" అన్నాను.

సరే అన్నాను. బస్సులో వస్తూ, కౌగిలించుకున్నాక ఏ శ్లోకం చెప్తే బాగుంటుందో ఆలోచించాను. కొత్తపేట వచ్చేసరికి ఒకటి దొరికింది కూడా.

ఏప్రిల్ 17, గురువారం

ఇంద్రాణికి చెప్పాను. డ్రమ్ము, వెనక గది, తిరుపతి, అంతా చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతూనే విన్నది.

"నాకెందుకు చెప్తున్నవ్? ఏలక్కాయలు పెట్టింది ఎవరనుకున్నవ్? ఈ కాలనీల అందరు నీ నోరు చూసి బతుకుతున్నరు. ఆ నోటి వాసన నేనొక్కదాన్నే మోసిన. పోయి తిరుపతికి చెప్పు."

దవాఖానకు వెళ్ళాను. జ్యోతిక ఛాయి తేవడానికి కిందికి పోయిందట. తిరుపతి ఒక్కడే ఉన్నాడు. చెప్పాను. నీ ఊపిరి చూడకపోవడానికి కారణం నమ్మకం కాదు, నా నోటి వాసన నీకు తగులుతుందని భయం, అన్నాను. చెప్పాక తిడతాడనుకున్నాను. ఎడమ చేత్తో అయినా కొడతాడనుకున్నాను.

తిరుపతి పైకప్పు కేసి చూశాడు. తర్వాత అడిగాడు.

"ఎట్లుంటదన్నా అది? సీసల దాని లెక్కనే ఉంటదా?"

నేను చెప్పాను. ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. చెప్పాను. సీసాదానికీ దీనికీ సంబంధం లేదన్నాను. సీసాలోది చాలావరకు కాచి మూత బిగించింది, ఇది పచ్చిది, బతికున్నది అన్నాను. గ్లాసుని వాలుగా పట్టి కుళాయి ఒక్కసారిగా పూర్తిగా తిప్పాలి, సగం తిప్పితే నురగ చెడుతుంది అన్నాను. గ్లాసు బయట చెమట పడుతుంది, నురగ పెదవికి మీగడలా తగులుతుంది, దాని వెనకనుంచి చల్లటిది వస్తుంది, గొంతులో చిన్నగా కుడుతుంది అన్నాను. చేతులు తిప్పుతూ చెప్పాను. నాకు బాగా వచ్చిన పని అది, లేనిదాన్ని కళ్ళముందు నిలబెట్టడం.

తిరుపతి గొంతులో ముడి పైకి వెళ్ళి కిందికి దిగింది. కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు. చిట్లిన పెదవిని నాలుకతో తడుపుకున్నాడు.

అప్పుడు ఆపాను.

తలుపు దగ్గర జ్యోతిక, చేతిలో ఛాయి ఫ్లాస్కు. ఎప్పటినుంచి వింటోందో తెలియదు. లోపలికి వచ్చి ఫ్లాస్కు పెట్టి, మంచానికీ నాకూ మధ్య నిలబడింది.

"నీ మాట శానా మంచిగుంటది అన్నా" అంది. "అందుకే భయమైతుంది. ఇగ ఈయన దగ్గరికి రాకు. ఊపిరి నేను చూసుకుంట. శనివారం ఈయన హాలుకు రాడు. ఎవరు నిలబడాలెనో నువ్వే చూసుకో."

నేను లేచాను. తిరుపతి కళ్ళు తెరవలేదు.

ఏప్రిల్ 18

ఇవాళ కూడా తాగాను.

ఏప్రిల్ 19, శనివారం

గ్రంథం తీసుకువెళ్ళాను. దారిలో తెరవలేదు.

హాలు నిండుగా ఉంది. పోయిన వారం విన్నవాళ్ళు బంధువులను కూడా తెచ్చుకున్నారు. ఊపిరి చూపించేవాళ్ళు ఎప్పటిలాగే గోడవార వరసగా నిలబడ్డారు. జ్యోతిక ఆడవాళ్ళ వైపు చివరగా కూర్చుంది, ఒక్కతే. ఇంద్రాణి ఆమె పక్కకు వెళ్ళి కూర్చుంది. కమిటీ కుర్రాడు మైకు సరిచేసి పీట చూపించాడు. నేను పీట ఎక్కలేదు. గ్రంథాన్ని పీట మీద పెట్టి, తప్పినవాళ్ళు నిలబడే చోటికి, నడుమ నేల మీదికి వెళ్ళాను. అక్కడికి మైకు వైరు రాదు.

ఎప్పుడు నోరు తెరిచినా ముందొక శ్లోకం వస్తుంది. ఇవాళ కూడా వచ్చింది, నాలుక చివరికి వచ్చి నిలబడింది. మింగేశాను.

"నేను తాగుతున్న" అన్నాను. "నెల దాటింది. తిరుపతి ఊపిరి చూస్తే నాది ఆయనకు తెలుస్తదని చూడలే. నమ్మకమని అబద్ధం చెప్పిన. మీ అందరికీ అదే చెప్పిన. డ్రమ్ము ఇంకా నా షాపుల్నే ఉంది. నిన్న కూడా తాగిన."

ముందు వరసవాళ్ళు కొంచెం ముందుకు వంగి, మొహాల్లో ఆ చిన్న నవ్వుతో నన్నే చూస్తున్నారు. ఆ నవ్వు నాకు తెలుసు. కథ ఎటు తిరుగుతుందా అని కాచుకుని ఉన్నప్పుడు వచ్చే నవ్వు. ఏదో ఒక పాపాత్ముడి మాటలు నేను చెప్తున్నాననుకున్నారు. వాడు చివరికి ఎలా మారాడో వినడానికి సిద్ధంగా ఉన్నారు. ఒకాయన సర్దుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ఇంద్రాణి తల దించుకుంది. జ్యోతిక దించుకోలేదు.

వెనక గుమ్మం పక్కన ఒక ముసలామె ఉంది, చెవులు సరిగా వినపడవు, పేరు అండాలమ్మ అని తర్వాత తెలిసింది. పక్కామెను మోచేత్తో పొడిచి ఏమన్నడు, ఏమన్నడు అని అడిగింది. పక్కామె చెప్పలేదు. అండాలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, హాలంతా వినపడేట్టు అంది.

"వినవడలే బిడ్డా. గట్టిగ చెప్పు."

మళ్ళీ చెప్పాను.